స్ప్రేయర్ బ్యాటరీకి రక్షణ మాడ్యూల్: అంకెలు సరిచేయకుండా బిగిస్తే ఉన్నా లేనట్టే

సంపాదకులు గారికి,

అయ్యా,

మిరప రైతులు వాడే బ్యాటరీ స్ప్రేయర్ల నిర్వహణ గురించి మీ పత్రిక వ్యవసాయ పుటలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. ట్యాంకు కడగడం, నాజిల్ శుభ్రం చేయడం, గొట్టంలో మందు మిగలకుండా మంచినీళ్లు ఆడించడం వంటి సంగతులను రైతుకు సూటిగా తెలిసే మాటల్లో రాసిన రచయితను అభినందించాలి. అయితే బ్యాటరీ మాటిమాటికీ పాడవుతున్నవారు చార్జింగ్, డిశ్చార్జి రెంటినీ కాచే రక్షణ మాడ్యూల్ ఒకటి కొని బిగించుకుంటే చాలునన్న అర్థం వచ్చేలా ఒక్క వాక్యం రాసి, ఆ విషయాన్ని అక్కడితో వదిలేశారు. గుంటూరులో ఒక సాంకేతిక విద్యాసంస్థ ప్రయోగశాలలో 28 ఏళ్లు పనిచేసి విరమణ పొందినవాణ్ణి, ఆ తర్వాత బంధువుల స్ప్రేయర్లు బాగుచేయడమే కాలక్షేపంగా పెట్టుకున్నవాణ్ణి కాబట్టి, ఆ వాక్యం సగమే సరైనదని చెప్పవలసి వస్తోంది. మిగతా సగం చెప్పకపోతే రైతు డబ్బు పెట్టి బోర్డు కొంటాడు, బ్యాటరీ మాత్రం ఎప్పటిలాగే ఏడాది తిరగకుండా పోతుంది.

బజారులో దొరికే ఈ మాడ్యూల్ అరచేతిలో సగం ఉంటుంది. మూడంకెల చిన్న తెర, రెండు మూడు మీటలు, ఒక రిలే (కరెంటుతో తనంతట తాను కలిసి విడిపోయే స్విచ్చి), తీగలు బిగించడానికి మరలు, అంతే. బ్యాటరీ వోల్టేజీని ఎడతెగకుండా కొలుస్తూ, అది మనం పెట్టిన కింది హద్దుకు దిగినప్పుడు మోటారును, పై హద్దుకు ఎక్కినప్పుడు చార్జరును విడగొట్టడమే దాని పని. మాడ్యూల్ రకాన్ని బట్టి ఈ రెండు పనులూ ఒకే బోర్డు చేయవచ్చు, లేదా ఒక్కొక్క దానికి ఒక్కో బోర్డు కావలసి రావచ్చు. ఏది ఎలా ఉన్నా, హద్దు ఎంత ఉండాలో బోర్డుకు తెలియదు. అదే బోర్డును 12 వోల్టుల సీసపు బ్యాటరీకీ, లిథియం ప్యాకుకూ, 24 వోల్టుల సోలారు బ్యాటరీకీ కూడా అమ్ముతారు కనుక, కర్మాగారంలో ఏదో ఒక అంకె పెట్టి పంపిస్తారు. దానితో వచ్చే చీటీ ఉంటే చైనా భాషలోనో, అంతకంటే గడ్డు ఇంగ్లీషులోనో ఉంటుంది. ఎర్ర తీగ ప్లస్సుకు, నల్ల తీగ మైనస్సుకు అని చెప్పి అమ్మేవాడు చేతులు దులుపుకుంటాడు. గత సీజనులో నా దగ్గరకు వచ్చిన స్ప్రేయర్లలో మూడింటికి ఇటువంటి బోర్డులు అందంగా బిగించి ఉన్నాయి, మూడింటిలోనూ కర్మాగారపు అంకెలే ఉన్నాయి, మూడింటి బ్యాటరీలూ చచ్చిపోయి ఉన్నాయి.

భుజాన వేసుకునే 16 లీటర్ల స్ప్రేయరులో ఎక్కువగా ఉండేది 12 వోల్టుల, 8 ఆంపియర్ అవర్ల సీలు వేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీ. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే తయారుచేసిన సీసపు బ్యాటరీకి ఇది మునిమనవడే, పనిచేసే పద్ధతీ అదే. లోపల రెండేసి వోల్టుల సెల్సు ఆరు వరుసగా ఉంటాయి. వాడుతున్నప్పుడు రెండు రకాల పలకల మీదా లెడ్ సల్ఫేటు సన్నటి పొరలా ఏర్పడుతుంది. వెంటనే చార్జింగ్ పెడితే ఆ పొర కరిగి పలకలు మామూలుగా అవుతాయి. బ్యాటరీని ఖాళీగా రోజుల తరబడి వదిలేస్తే మాత్రం ఆ సన్నటి పలుకులు పెరిగి, గట్టిపడి, తర్వాత ఎంత సేపు చార్జింగ్ పెట్టినా కరగవు. ‘చార్జింగ్ ఎక్కడం లేదు’ అని రైతులు చెప్పే జబ్బు చాలావరకు ఇదే. ఖాళీ అయ్యేదాకా మందు కొట్టడం ఒక తప్పు, ఖాళీ అయిన దాన్ని అలాగే వదిలేయడం అంతకంటే పెద్ద తప్పు. మాడ్యూల్ మొదటి తప్పును ఆపగలదు. రెండో దానిని ఏ బోర్డూ ఆపలేదు.

ఇప్పుడు కింది హద్దు సంగతి. సీసపు బ్యాటరీ నిండుగా ఉండి, కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్నప్పుడు మీటరులో 12.7 నుంచి 12.8 వోల్టుల దాకా చూపుతుంది. సగానికి వస్తే 12.2 దగ్గర ఉంటుంది. 11.9 దాకా దిగిందంటే దాదాపు ఖాళీ అయినట్టే. ఇవన్నీ బరువు లేనప్పటి, అంటే మోటారు కరెంటు లాగనప్పటి లెక్కలు. పంపు తిరుగుతూ రెండు మూడు ఆంపియర్లు లాగుతున్నప్పుడు అదే బ్యాటరీ ఇంకా తక్కువ చూపుతుంది. ఈ తేడా తెలియక, పుస్తకంలో చదివిన విశ్రాంతి అంకెను తెచ్చి బోర్డులో పెడితే నాలుగు ట్యాంకులు కొట్టకముందే మోటారు ఆగిపోతుంది, రైతు విసిగి బోర్డు పీకేస్తాడు. దానికి విరుద్ధంగా చాలా బోర్డుల్లో కనిపించే 10.5 వోల్టుల అంకె ఒక్కో సెల్లుకు 1.75 వోల్టుల లెక్కన వచ్చినది, ఇక ఆ బ్యాటరీలో తీసుకోవడానికేమీ లేదన్న స్థితికి గుర్తు. అక్కడిదాకా రోజూ దించితే బ్యాటరీ ఎక్కువ కాలం ఉండదు. పూర్తిగా ఖాళీ చేసే బ్యాటరీ కంటే, సగం దాకా వాడి చార్జింగ్ పెట్టే బ్యాటరీ దాదాపు రెట్టింపు సార్లు పనికొస్తుంది. నేను స్ప్రేయరుకు పంపు తిరుగుతుండగా తెగే అంకెను 11.3గా పెడతాను. చివరి ట్యాంకు ఒకటి తగ్గవచ్చు, కాని అయిదో వంతు బ్యాటరీలో మిగిలి ఉంటుంది.

బ్యాటరీ మీద రాసిన 8 ఆంపియర్ అవర్లు మోటారుకు అంతా దక్కుతాయని కూడా అనుకోకూడదు. 0.4 ఆంపియరు చొప్పున 20 గంటల పాటు మెల్లగా తీసుకుంటే వచ్చే లెక్క అది. రెండున్నర ఆంపియర్ల చొప్పున తోడుకుంటే అంత రాదు. ‘మూడు గంటలు రావాలి కదా, రెండు గంటలకే ఎందుకు ఆగింది, బోర్డు మోసం చేస్తోందా’ అని అడిగేవారికి ఈ లెక్క చెప్పి ఒప్పించడానికి నాకు చాలా సాయంత్రాలు పట్టాయి.

మోటారు తెగే అంకె కంటే, అది తిరిగి కలిసే అంకె దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. నేనూ పడ్డాను కాబట్టి ఆ సంగతి దాచను. ప్రత్తిపాడు వైపు మిరప వేసే మా బావమరిది స్ప్రేయరుకు మొదటిసారి బోర్డు బిగించినప్పుడు 11.0 దగ్గర తెగేలా, 11.3 దగ్గర కలిసేలా పెట్టి పంపాను. రెండో రోజు మధ్యాహ్నం ఫోను చేసి, ‘బావా, నువ్వు పెట్టిన డబ్బా తొండలా తలూపుతోంది, టకటకమని ఆగడం లేదు’ అన్నాడు. జరిగినదేమిటంటే, మోటారు తెగగానే బరువు తీసేసిన బ్యాటరీ వోల్టేజీ తనంతట తానే 11.8 దాకా లేచింది. 11.3 దాటింది కదా అని బోర్డు మళ్లీ మోటారును కలిపింది. మోటారు లాగగానే వోల్టేజీ పడిపోయి మళ్లీ తెగింది. ఈ ఆట సెకనుకోసారి చొప్పున సాగి, రిలే లోపలి కొనలు నల్లగా కాలిపోయాయి. ప్రయోగశాలలో వందల మంది పిల్లలకు పాఠం చెప్పినవాడికి ఈ పాటి తట్టలేదా అని అతను నవ్వినా నేను ఏమీ అనలేకపోయాను.

ఆ రెండు అంకెల మధ్య, బరువు తీసినప్పుడు బ్యాటరీ ఎంత లేస్తుందో అంతకంటే ఎక్కువ ఎడం ఉండాలి. అలాగని కలిసే అంకెను 12.9కి పెడితే ఇంకో చిక్కు వస్తుంది. చార్జింగ్ ముగిసి ఒక రాత్రి గడిచిన నిండు బ్యాటరీ 12.7 దగ్గర నిలుస్తుంది కనుక, ఉదయాన్నే స్విచ్చి వేసినప్పుడు బోర్డుకు 12.9 కనబడదు, నిండు బ్యాటరీ ఉండి కూడా మోటారు కదలదు. బోర్డును స్విచ్చికి ముందు, ఎప్పుడూ బ్యాటరీకి కలిసే ఉండేలా పెడితే ఈ బాధ తప్పుతుందని కొందరు సలహా ఇస్తారు. కాని 12 వోల్టుల 30 ఆంపియర్ల రిలే చుట్ట ఒక్కటే దాదాపు 80 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. రోజుకు సుమారు 2 ఆంపియర్ అవర్లు అన్నమాట. ఎనిమిది ఉన్న బ్యాటరీని నాలుగు రోజుల్లో కాపలాదారే తినేస్తాడు. అందుచేత బోర్డు స్విచ్చికి తర్వాతే ఉండాలి, కలిసే అంకె 12.5 ఉండాలి. వాడి అలసిన బ్యాటరీ ఎంత విశ్రాంతి తీసుకున్నా చార్జింగ్ లేకుండా 12.5కు లేవదు, నిండు బ్యాటరీ దానికి పైనే ఉంటుంది. ఆ అంకె మార్చాక మా బావమరిది స్ప్రేయరు మళ్లీ తలూపలేదు. కొన్ని బోర్డుల్లో తెగే అంకె, కలిసే అంకె అని విడివిడిగా అడగకుండా, తెగే అంకెనూ, రెంటి మధ్య ఎడాన్నీ అడుగుతారు. అటువంటి దానిలో 11.3, 1.2 అని పెట్టాలి.

మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఆ కుదుపులో వోల్టేజీ ఒక్క క్షణం కింది హద్దు దాటి పడవచ్చు. బోర్డులో ఆలస్యం పెట్టుకునే వీలుంటే రెండు మూడు సెకన్లు పెట్టాలి. ఆ వీలు లేని బోర్డు స్ప్రేయరుకు తగదు. మోటారు తెగినప్పుడు దాని చుట్టల్లోంచి ఎగదన్నే వోల్టేజీ రిలే కొనలను కాల్చకుండా, మోటారు రెండు తీగల మధ్య 3 ఆంపియర్ల 5408 డయోడు (కరెంటును ఒకే వైపుకు పోనిచ్చేది) ఒకటి, గీత ఉన్న కొస ప్లస్సు వైపు ఉండేలా టంకం వేయాలి. అయిదారు రూపాయల పని అది.

ఇక పై హద్దు. ఇక్కడ వ్యాసకర్తే కాదు, మెకానిక్కులు కూడా చార్జరునూ రక్షణ బోర్డునూ ఒకటే అనుకోవడం చూస్తున్నాను. మన చెరువులతో పోల్చి చెబుతాను. నీటిని కొలిచి వదిలేది తూము, చెరువు నిండి కట్టకు ప్రమాదం వచ్చినప్పుడు పొర్లేది అలుగు. చార్జరు తూము లాంటిది, రక్షణ బోర్డు అలుగు లాంటిది. అలుగు ఎత్తును తూము మట్టానికి దించితే చెరువు ఎప్పటికీ నిండదు. సీసపు బ్యాటరీ చార్జింగులో 14.4 వోల్టులు మొదటిసారి కనిపించే సరికి లోపల అయిదింట నాలుగు వంతులు మాత్రమే నిండి ఉంటుంది. మిగతాది నిండాలంటే వోల్టేజీని అక్కడే నిలిపి, కరెంటు తనంతట తాను తగ్గిపోయేదాకా కొన్ని గంటలు ఉంచాలి. బోర్డులో పై హద్దు 14.4 అని పెట్టినవారి బ్యాటరీకి చార్జింగ్ ఆ మొదటి నిమిషంలోనే తెగిపోతుంది, పచ్చ దీపం వెలుగుతుంది, రైతు నిండిందనుకుంటాడు. ఇలా నెలల పాటు అరకొరగా నిండే బ్యాటరీలో సల్ఫేటు గట్టిపడక ఏం చేస్తుంది? వోల్టేజీని నిలపగల మంచి చార్జరు ఉండాలి, బోర్డులో పై హద్దు దానికంటే కొంచెం పైన, అంటే 14.8 దగ్గర ఉండాలి. చార్జరు చెడిపోయి అదుపు తప్పిన రోజునే ఆ హద్దుకు పని పడాలి.

మన ఎండల సంగతి ఆ చీటీల్లో ఉండదు. వాటిలో రాసే అంకెలన్నీ 25 డిగ్రీల వేడికి రాసినవి. వేడి ఒక్కో డిగ్రీ పెరిగిన కొద్దీ 12 వోల్టుల సీసపు బ్యాటరీ చార్జింగ్ వోల్టేజీని 20 మిల్లీ వోల్టుల చొప్పున తగ్గించాలని లెక్క. రెంటచింతల దాకా పోనక్కర లేదు, గుంటూరులోనే మార్చి దాటాక రేకుల షెడ్డులో 42 డిగ్రీలు మామూలే. 17 డిగ్రీల తేడాకు మూడో వంతు వోల్టు తగ్గాలి, అంటే 14.4 పెట్టవలసిన చోట 14.1 దగ్గర ఉండాలి. వేడిలో తగ్గించకుండా నింపితే సీలు వేసిన బ్యాటరీలో నీరు వాయువుగా మారి పోయి, మళ్లీ పోసే దారి లేక, పక్కలు ఉబ్బుతాయి. వోల్టేజీ సరిచేసుకునే చిన్న మర లోపల ఉన్న చార్జరు ఉంటే వేసవిలో ఒకసారి తగ్గించుకోవచ్చు. లేనివారు రాత్రి భోజనాలయ్యాక, చల్లబడిన వరండాలో చార్జింగ్ పెట్టుకోవడం అంతకంటే తేలిక.

అంకెలు పెట్టేముందు చేయవలసిన పని ఒకటి ఉంది, దాన్ని దాటవేస్తే పైన రాసినదంతా వృథా. బోర్డు తెర చూపే వోల్టేజీని నమ్మకూడదు. మూడు వందల రూపాయల మల్టీమీటరుతో బ్యాటరీ కొనల దగ్గరే కొలిచి తెరతో పోల్చాలి. నేను చూసిన బోర్డుల్లో 0.2 వోల్టు దాకా తేడా ఉన్నవి ఉన్నాయి. ఇది చిన్న తేడా అనిపిస్తుంది గాని, నిండు బ్యాటరీకీ ఖాళీ బ్యాటరీకీ మధ్య ఉన్న తేడాయే 0.8 వోల్టు. అందులో 0.2 అంటే పావు బ్యాటరీ. తెర ఎంత తప్పు చూపుతోందో చూసుకుని, ఆ మేరకు మనం పెట్టే అంకెను సవరించుకోవాలి. బోర్డు నుంచి బ్యాటరీకి వెళ్లే తీగలు సన్నగా, పొడుగ్గా ఉంటే అక్కడా కొంత వోల్టేజీ పోతుంది కనుక వాటిని జానెడుకు మించనివ్వకూడదు. బ్యాటరీ ప్లస్సు కొన పక్కనే, బైకుల్లో వాడే 7.5 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజు ఒకటి పెట్టాలి. మందు నీళ్లు కారి బోర్డు మీద పడిన రోజున కాపాడేది ఆ ఫ్యూజే.

బిగించాక పరీక్ష చేయకుండా పొలానికి పంపకూడదు. వోల్టేజీ పెంచి తగ్గించే పవర్ సప్లై అందుబాటులో ఉన్నవారు బ్యాటరీ స్థానంలో దాన్ని కలిపి, 13 నుంచి మెల్లగా దించుతూ రిలే ఎక్కడ టక్కుమంటుందో, మళ్లీ పెంచుతూ ఎక్కడ కలుస్తుందో కాగితం మీద రాసుకోవాలి. అది లేనివారు కారు బ్రేకు దీపానికి వాడే 21 వాట్ల బల్బు తెచ్చి మోటారు స్థానంలో కలిపితే అది ఒకటిముప్పావు ఆంపియరు లాగుతుంది, పంపుకు దగ్గర బరువే. బల్బు వెలుగుతుండగా అరగంటకోసారి మీటరు పెట్టి చూస్తూ, బల్బు ఆరిన క్షణంలోని వోల్టేజీని రాసుకుని, దాన్ని పెట్టిన అంకెతో పోల్చుకోవాలి. ఒక పూట పోతుంది. మా వీధి పిల్లలకు ఈ బల్బు పరీక్ష సినిమా కంటే ఇష్టంగా ఉంటుందని సరదాకు చెబుతున్నాను.

ఇంతవరకు సీసపు బ్యాటరీల గురించి రాశాను. ఇంతకంటే జాగ్రత్తగా చూడవలసింది లిథియం వైపు. బరువు తగ్గుతుందని యువ రైతులు సీసపు బ్యాటరీ తీసేసి, పాత ల్యాప్‌టాపుల్లోంచి తీసిన 18650 అనే రకం లిథియం సెల్సును మూడేసి వరుసగా కట్టి అదే స్ప్రేయరులో పెట్టుకోవడం నేను చూస్తున్నాను. ఆ సెల్లు ఒక్కొక్కటి 4.2 వోల్టులు మించకూడదు, మూడూ కలిపి 12.6. వాళ్లు మాత్రం 14 వోల్టులు దాటి ఇచ్చే పాత చార్జరునే పెడుతున్నారు. ఆ ప్యాకుకూ మంటకూ మధ్య నిలిచేది సెల్లు 4.25, 4.3 దగ్గర తెంపే చిన్న రక్షణ బోర్డు ఒక్కటే. రోజూ అలుగు మీదుగానే పారే చెరువు కట్ట ఎన్నాళ్లు నిలుస్తుంది? ఆ బోర్డులో రిలే ఉండదు, మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చులు ఉంటాయి. అవి చెడిపోయినప్పుడు తరచుగా తెగిన స్థితిలో కాక, కలిసిన స్థితిలోనే అతుక్కుపోతాయి. లిథియం ప్యాకుకు 12.6 దగ్గర ఆగే చార్జరు లేకుండా ఎంత మంచి బోర్డు ఉన్నా చార్జింగ్ పెట్టవద్దని ఖండితంగా చెబుతున్నాను. 2022 ఏప్రిల్‌లో మన విజయవాడలోనే, ఇంట్లో చార్జింగ్ పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ పేలి నిండు ప్రాణం పోయింది. ఆ ఏడాది దేశంలో జరిగిన అటువంటి ప్రమాదాల తర్వాత విద్యుత్ వాహనాల బ్యాటరీలకు ఏఐఎస్ 156 నిబంధనలను కేంద్రం కఠినం చేసి, 2022 డిసెంబరు 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత అమలులోకి తెచ్చింది. అవి వాహనాలకే గాని, ఇంటి వసారాలో టేపు చుట్టి కట్టుకున్న స్ప్రేయరు ప్యాకును తనిఖీ చేసేవారు ఎవరూ లేరు.

ఈ లిథియం రక్షణ బోర్డును కలపడంలో వరుస ముఖ్యం. కలిపే చోట్ల పేర్లు (B-, B1, B2, B+, P-) బోర్డు మీదే రాసి ఉంటాయి. ముందు ప్యాకు మైనస్సును బీ మైనస్ దగ్గర, తర్వాత మొదటి సెల్లు పైకొనను బీ 1 దగ్గర, రెండోదాన్ని బీ 2 దగ్గర, చివరగా ప్లస్సును బీ ప్లస్ దగ్గర కలపాలి. ప్రతి చోటా మైనస్సుతో పోల్చి మీటరు పెడితే నిండు సెల్సుకు 4.2, 8.4, 12.6 అని మెట్లు మెట్లుగా ఎక్కాలి. ఏ మెట్టయినా తప్పితే అక్కడే ఆగిపోవాలి. మోటారు మైనస్సు, చార్జరు మైనస్సు పీ మైనస్ దగ్గరకే పోవాలి. బీ మైనస్ దగ్గర కలిపినవారి మోటారు బాగానే తిరుగుతుంది, చార్జింగూ ఎక్కుతుంది, కాని కరెంటు స్విచ్చుల్లోంచి పోదు కనుక రక్షణ అన్నదే ఉండదు. అన్నీ సరిగా కలిపినా తొలిసారి బోర్డు బయటికి వోల్టేజీ ఇవ్వకపోవడం కూడా ఉంది. ఒక్క క్షణం చార్జరు తగిలిస్తే అది మేలుకుంటుంది. ఈ చిన్న కిటుకు తెలియక, బోర్డు పోయిందని చెప్పి ‘డైరెక్టు’ చేసి ఇచ్చే మెకానిక్కులు ఉన్నారు. ‘డైరెక్టు చేశాం’ అన్న మాట వినబడితే ఆ ప్యాకును ఇంట్లోకి తీసుకురావద్దు.

లిథియమే కావాలనుకునే రైతుకు నా సలహా, లిథియంలోనే మరో రకమైన ఐరన్ ఫాస్ఫేటు సెల్సు నాలుగు. ఒక్కొక్కటి 3.65 వోల్టుల దాకా వెళుతుంది, నాలుగూ కలిపి 14.6 కనుక మంచి సీసపు చార్జరుతో పొత్తు కుదురుతుంది, వేడికి కూడా ఓర్చుకుంటాయి. కాని దానికి కొనే బోర్డు మీద ఐరన్ ఫాస్ఫేటుకని ఉండాలి. మామూలు లిథియం బోర్డు 4.25 దాకా ఊరుకుంటుంది, అప్పటికి ఈ సెల్లు పాడైపోతుంది. పైన చెప్పిన 11.3, 12.5 అంకెలు కూడా దీనికి పనికిరావు. ఇది చివరిదాకా 13 వోల్టుల దగ్గరే నిలిచి ఒక్కసారిగా పడిపోతుంది, బరువు తీస్తే మళ్లీ 12.8 దాకా లేస్తుంది. తెగే అంకె 12.0, కలిసే అంకె 13.2 ఉండాలి.

ఇళ్లలోని ఇన్వర్టర్ల గురించి కూడా నన్ను అడుగుతున్నారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు మునిగి, రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, నీళ్లు అందని మేడ మీది బ్యాటరీలు కూడా చాలా చోట్ల పనికిరాకుండా పోయాయి. ఇన్వర్టరు తన హద్దు దగ్గర తెంపే ఉంటుంది, కాని అలా ఖాళీగా పడి ఉన్న రోజులే వాటిని పాడుచేశాయి. ఆ అనుభవం తర్వాత ఈ చిన్న బోర్డును ఇన్వర్టరుకు కూడా బిగిద్దామని అనుకునేవారికి వద్దనే చెబుతాను. 12 వోల్టుల ఇన్వర్టరు మీద 400 వాట్ల బరువు పడితే బ్యాటరీ నుంచి దాదాపు 40 ఆంపియర్లు లాగుతుంది. 30 ఆంపియర్లని రాసి ఉన్న రిలే కొనలు ఆ కరెంటుకు కరిగి అతుక్కుపోతే ఇక ఎప్పటికీ తెగవు.

స్ప్రేయరు దగ్గరకే మళ్లీ వస్తాను. మిరప యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేనాటికి మన రైతుల స్ప్రేయర్లు అటక ఎక్కుతాయి, మళ్లీ నారు నాటాకే దిగుతాయి. ఆ మూడు నాలుగు నెలలూ ఎవరూ ముట్టుకోకపోయినా సీసపు బ్యాటరీ 25 డిగ్రీల్లో నెలకు నూటికి మూడు వంతుల చొప్పున తనంతట తాను దిగిపోతుంది, ప్రతి పది డిగ్రీలకూ ఆ దిగుడు రెట్టింపవుతుంది. అటక ఎక్కించే ముందు నిండా చార్జింగ్ పెట్టి, బ్యాటరీ కొన ఒకటి విప్పి ఉంచి, జూన్ చివర ఒకసారి దించి మళ్లీ చార్జింగ్ పెడితే ఈ పత్రం సగం రాయనక్కర లేకపోయేది.

నా విన్నపం రెండు మాటల్లో చెబుతాను. ఈ బోర్డులు అమ్మే దుకాణదారులు ప్రతి బోర్డుతో పాటు ఒక తెలుగు చీటీ ఇవ్వాలి. సీసపు బ్యాటరీకి తెగే అంకె, కలిసే అంకె, పై హద్దు, లిథియం రెండు రకాలకూ అవే అంకెలు, తీగల బొమ్మ ఒకటి, అంతకుమించి అక్కర లేదు. లాంలోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు ఆ చీటీని పరిశీలించి సరిచేసి ఇస్తే, రైతు సేవా కేంద్రాల గోడల మీద ఎరువుల ధరల పక్కన అతికించవచ్చు. మీ పత్రిక కూడా జూలైలో నారుమళ్లు పోసే సమయానికి వ్యవసాయ పుటలో అరపేజీ దీనికి కేటాయించాలని కోరుతున్నాను. తీగల బొమ్మ నేను చేత్తో గీసి ఈ ఉత్తరంతో జతపరిచాను, అందులో బీ మైనస్‌కూ పీ మైనస్‌కూ వేరువేరు రంగులు వాడాను. అచ్చు నలుపు తెలుపుల్లో వేసేటట్టయితే దయచేసి ఆ రెండింటికీ వేరు గీతలు వేయించండి.

ఇట్లు,
విశ్రాంత ప్రయోగశాల సహాయకుడు,
బ్రాడీపేట, గుంటూరు.